డిగ్రీ లేని ఆ వైద్యుడి మీద కేసు పెట్టాలి

హైదరాబాద్‌లో ఏ మెట్రో పిల్లర్ చూసినా "కోత లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇంటికి" అంటూ నడుంనొప్పికి అభయమిచ్చే బోర్డులే. ఇంత సేవ జరుగుతుంటే, కనీసం ఆర్‌ఎంపీ బోర్డు కూడా పెట్టుకోకుండా ఒకడు ఊరూరా ప్రాక్టీస్ చేస్తున్నాడు. వాడి పేరు కాలం. మెడికల్ కౌన్సిల్ వాళ్లు ఇంతవరకు వాడి మీద ఒక్క రెయిడ్ చేసిన పాపాన పోలేదు.

వాడి ఆగడాలు చూడండి. నడుం కింది భాగంలో, ఎల్4-ఎల్5 అనో ఎల్5-ఎస్1 అనో పిలిచే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పిక్క దాకా జివ్వుమని లాగుతుంది కదా, అదే సయాటికా. ఇలాంటి కేసులు చాలావరకు 6 నుంచి 12 వారాల్లో వాటంతటవే తగ్గుముఖం పడతాయి, జారిన ముక్కను చాలాసార్లు ఒంట్లోని కణాలే తినేస్తాయి. ఓపీ చీటీ లేదు, ఫీజు లేదు! మన పెయిన్ క్లినిక్‌లో ఐదో వారంలో వెన్నులోకి స్టెరాయిడ్ సూది వేయించి, ఎనిమిదో వారానికి పేషెంటు లేచి తిరుగుతుంటే, ఆ పేరులోనూ వాటా కావాలట వాడికి.

వాడికి వత్తాసు పలికే పరిశోధనలూ ఉన్నాయి. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే సగానికి పైగా మందిలో డిస్కు బల్జ్, అంటే ఉబ్బు, కనిపించింది. అంటే నొప్పి లేదన్న ఒకే ఒక్క సాకుతో ఎంతమంది ట్రీట్‌మెంట్ ఎగ్గొట్టి తిరుగుతున్నారో ఆలోచించండి. 2007లో నెదర్లాండ్స్ వాళ్లు తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిలో కొందరికి త్వరగా మైక్రోడిస్కెక్టమీ (జారిన డిస్కు ముక్కను తీసేసే ఆపరేషన్) చేసి, మిగతావాళ్లను ఆగమన్నారు. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి తొందరగా తగ్గింది, అది నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం కోలుకున్నారు. ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు, బోర్డు మీద పెద్ద అక్షరాల్లో వేయాల్సింది ఈ ముక్క ఒక్కటే. ఇక 2025లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలైతే దీర్ఘకాలిక వెన్నునొప్పికి వెన్నులోకి వేసే ఆ ఎపిడ్యూరల్ సూదులూ వద్దు, రేడియోఫ్రీక్వెన్సీతో నరం కాల్చడమూ వద్దు అని తేల్చేశాయి. పెయిన్ స్పెషలిస్టుల సంఘాలు ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకుంటాయి?

వాడికి చేతకాని కేసులూ ఉన్నాయి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వాడిని నమ్ముకుని కూర్చోకండి, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి పరుగెత్తండి. ఇది మాత్రం వెటకారం కాదు.

మిగతా కేసులన్నిటికీ కలిపి వాడికి గట్టి జరిమానా వేయాలని మనవి. ఒకేసారి కట్టలేనంటే మన కౌంటర్లో నో కాస్ట్ ఈఎంఐ ఎలాగూ ఉంది, ఆధార్, పాన్ కార్డు తెచ్చుకోమనండి.