ఆ తెర ఎవరిదో ముందు తేల్చండి

శుక్రవారం రాత్రి బెంగళూరు మడివాలలో బస్సెక్కి, తెల్లారేసరికి కర్నూల్లో దిగిన కుర్రాడొకడు సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, ఆఫీసు మెషిన్ రిమోట్‌లో తెరిస్తే నడుమ అగ్గిపెట్టంత డెస్క్‌టాప్, చుట్టూ నలుపు. సెట్టింగ్స్‌లో 1024×768 తప్ప ఇంకోటి లేదు. శుక్రవారం దాకా బాగుండె."

"నెట్‌లో చూసి ఏమన్నా కొట్టావా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "ఎక్స్‌రాండర్ కొట్టినా అన్నా. సీఆర్‌టీసీ ఫెయిల్డ్ అంటాంది." ఎక్స్‌రాండర్ అంటే తెర కొలతలు మార్చే కమాండ్, సీఆర్‌టీసీ అంటే గ్రాఫిక్స్ కార్డులో తెరకు బొమ్మ పంపే భాగం.

మారతహళ్లిలో ఒక చిన్న ఆఫీసుకి లినక్స్ మెషిన్లు చూసుకోవడం నా పని. పండక్కి, పెళ్లికి, వర్షాలకి జనం ఊళ్లకు పోయినప్పుడల్లా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. రిజల్యూషన్ సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. పూట గడిచిపోయేది మాత్రం మన జబ్బుకి పక్కవాడి మందు మింగడం వల్ల. అందుకే వాడు కొట్టిన కమాండ్ సంగతి వదిలేసి, నువ్వు చూస్తున్న ఆ తెర ఎవరిదిరా అని అడిగాను.

లినక్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రెండు రకాలు. ఒకటి, అక్కడ బల్ల మీద నడుస్తున్న డెస్క్‌టాప్‌నే ఇక్కడ చూడటం. ఎక్స్11వీఎన్‌సీ అనే ప్రోగ్రామ్ చేసేది ఇదే, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో షేరింగ్ మామూలుగా చేసేదీ ఇదే. పక్కింటి టీవీని మన కిటికీలోంచి చూసినట్టన్నమాట. వాళ్ల టీవీ ఎంతుంటే మనకూ అంతే, మన కిటికీ పెద్దది చేస్తే బొమ్మ పెద్దదవదు. రెండోది, మన కోసం అక్కడ కొత్తగా ఒక ఊహా తెర పుట్టించడం. టైగర్‌వీఎన్‌సీలో ఎక్స్‌వీఎన్‌సీ, ఎక్స్‌ఆర్‌డీపీ అనే సర్వర్ ప్రోగ్రాములు ఈ దారిలో పనిచేస్తాయి. దీనికి మానిటర్‌తో సంబంధమే లేదు, కొలతలు మనం చెప్పినవే. నెట్‌లో దొరికే సలహాల్లో సగం మొదటి రకానివి, సగం రెండో రకానివి. ఏది దేనికో చాలామంది రాయరు.

మొదటి రకంలో తప్పు ఎక్కువగా తీగ దగ్గరే ఉంటుంది. ప్రతి మానిటర్ తన కొలతల జాబితాను కనీసం 128 బైట్ల చిన్న చీటీగా కంప్యూటర్‌కి అందిస్తుంది. దాని పేరు ఈడీఐడీ, 1994 నుంచీ ఉన్న పద్ధతి. మానిటర్ పీకేస్తే చీటీ ఉండదు. చీటీ లేకపోతే, తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ ఏదో ఒక చిన్న కొలత పట్టుకుని కూర్చుంటుంది, అది చాలాసార్లు 1024×768. అంటే 7,86,432 పిక్సెళ్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 ఉంటాయి. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ జాగాలో కోడు, టెర్మినల్, బ్రౌజర్ అన్నీ ఇరికించుకోవాలి. ఇక్కడ ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్, అంటే కొత్త కొలత, రాసి తగిలించబోతే, తగిలించడానికి పనిచేసే అవుట్‌పుటే లేక ఎర్రర్ వస్తుంది. మావాడికి వచ్చింది అదే. దీనికి మందు హెచ్‌డీఎమ్‌ఐ డమ్మీ ప్లగ్. బొటనవేలంత ఉంటుంది, మానిటర్ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. డమ్మీ వీడియో డ్రైవర్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తోనూ ఇదే అబద్ధం చెప్పించొచ్చు గానీ, ఆ మెషిన్‌కి తర్వాత నిజం మానిటర్ తగిలించినవాడు మనల్ని తిట్టుకుంటాడు.

రెండో రకంలో మరమ్మతు తేలిక. ఎక్స్‌వీఎన్‌సీకి ఎవరూ ఏమీ చెప్పకపోతే అదీ 1024×768తోనే మొదలవుతుంది. జామెట్రీ ఆప్షన్‌లో కావలసిన కొలత ఇస్తే సరి. ఆ తెరను మనవైపు చూపించే ఫ్రీఆర్‌డీపీలోనూ రెమ్మినాలోనూ డైనమిక్ రిజల్యూషన్ అనే ఆప్షన్ ఉంది. అవతలి సర్వర్ కూడా ఒప్పుకుంటే, కిటికీ లాగినకొద్దీ అక్కడి తెర కొలత మారుతుంది. ఒక్క చిక్కు చెప్పాలి. కొన్ని పాత ఎక్స్‌ఆర్‌డీపీ అమరికల్లో వేరే సైజు స్క్రీన్‌తో లాగిన్ అయితే పాత సెషన్ బదులు కొత్తది తెరుచుకుంటుంది. తెరిచి పెట్టిన ఫైళ్లన్నీ పోయాయని గుండె పట్టుకుంటారు. ఏవీ పోవు, అవి పాత సెషన్‌లో భద్రంగానే ఉంటాయి.

1366×768 ల్యాప్‌టాప్‌లు ఊళ్లలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ కొలతకి మోడ్ లెక్కకట్టే సీవీటీ కమాండ్ కొడితే 1368 అని వస్తుంది. వెడల్పు 8తో నిశ్శేషంగా భాగించబడాలని దాని లెక్క, 1366 భాగించబడదు. ఆ రెండు పిక్సెళ్ల కోసం స్క్రోల్ బార్ వచ్చి కూర్చుంటుంది. ఎవరి తప్పూ కాదుగానీ చిరాకు.

అసలు గందరగోళం, పాత ఎక్స్ బదులు వచ్చిన వేలాండ్ అనే తెర వ్యవస్థతో పెరిగింది. 2008లో మొదలైన ఆ ప్రాజెక్టు ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో, అంటే ఉబుంటులాంటి లినక్స్ రకాల్లో, డిఫాల్ట్. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి పాత ఎక్స్ సెషన్ అసలు లేనే లేదు. వేలాండ్‌లో ఎక్స్‌రాండర్ చూపించేది నీడను మాత్రమే, దాన్ని ఎంత లాగినా అసలు తెర కదలదు. పదేళ్ల కిందటి సలహాలు మాత్రం నెట్‌లో ఇప్పటికీ పైనే ఉంటాయి. కొత్త దారి లేకపోలేదు. 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46 నుంచి మానిటర్ లేకుండానే ఆర్‌డీపీ అనే రిమోట్ పద్ధతితో నేరుగా లాగిన్ అవ్వొచ్చు, ఉబుంటు 24.04లో అది ఉంది. నన్నడిగితే ఆఫీసులు డమ్మీ ప్లగ్గుల వెంట పడటం మాని దీనికి మారడం మేలు.

"స్కేలింగ్ పెట్టుకో, సరిపోతుంది" అనే సలహాతో మాత్రం నాకు పేచీ ఉంది. స్కేలింగ్ అంటే అక్కడి బొమ్మను ఇక్కడ నలిపి పెట్టడం. ఫ్రీఆర్‌డీపీలో స్మార్ట్ సైజింగ్ పని ఇదే. అందుకే అది, డైనమిక్ రిజల్యూషన్ ఒకేసారి కుదరవు. 1920ని 1366లో నలిపితే ప్రతి 100 పిక్సెళ్లూ 71 అవుతాయి. ఇంగ్లిష్ అక్షరం ఎలాగో బతికేస్తుంది. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు, కడుపులో చుక్కలు. థకీ ధకీ తేడా ఆ ఒక్క చుక్కే. అసలే కథని కధ అని రాసేవాళ్లతో వేగలేకపోతున్నాం, ఇప్పుడు స్క్రీనే ఆ తప్పు చేసి చూపిస్తుంది. తెలుగు యాప్‌లకు టెస్టింగ్ చేసే ఒకమ్మాయి, లేని బగ్‌ని ఫాంట్ మీద రాసి, రెండు రోజుల తర్వాత నాలుక కరుచుకుంది.

పైగా ఈ తిప్పలన్నీ ఉద్యోగి నెత్తిన వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. సర్వర్లో ఏ రకం సెషన్ నడుస్తుందో, డైనమిక్ రిజల్యూషన్ తెరిచి ఉందో లేదో తెలిసేది అడ్మిన్‌కి. నాలాంటివాడు ఒక పేజీ రాసి పెడితే తీరిపోయేదానికి, మూడొందల కిలోమీటర్ల అవతల ఒకడు అమ్మ పెట్టిన ఉగ్గాని చల్లారబెట్టుకుని కమాండ్లు కొడుతుంటాడు. ఆ పేజీ నేనూ నిరుడు దాకా రాయలేదు. రాసింది కూడా వీడికి పంపలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మావాడిది మొదటి రకమని తేలింది. పదకొండింటికి ఆఫీసుకి వెళ్లి వాడి బల్ల కింద చూస్తే సీపీయూ వెనక హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఖాళీ. తీగ ఎటు పోయిందా అని చూస్తే, పక్క సీటువాడి ముందు రెండు మానిటర్లు వెలుగుతున్నాయి.

"వాడు ఊరికి పోయాడు కదా అన్నా, ఊరికే ఉందని తీసుకున్నా" అన్నాడు.