గంజాయికి మట్టా, నీళ్లా? అసలు ఖర్చు పైన వేలాడే లైటుది

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాంకాక్ విమానం దిగినవాళ్ల సూట్‌కేసుల్లో హైడ్రోపోనిక్ గంజాయి పట్టుబడిందని వార్త వచ్చినప్పుడల్లా ఆ 'హైడ్రోపోనిక్' అనే మాటకి మనవాళ్లు ఎక్కడలేని బిల్డప్ ఇస్తారు. నీళ్లలో పెంచారు కాబట్టి మత్తు బోలెడు ఎక్కువ అన్నట్టు. నీళ్లకి అంత సీన్ లేదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఆడ మొక్క పూత మీద ఉండే సన్నటి జిగురు నూగులో తయారవుతుంది. ఎంత తయారవ్వాలన్నది ప్రధానంగా విత్తనం జాతిని బట్టి ఉంటుంది, ఆ తర్వాత మగ మొక్కల పుప్పొడి తగలకుండా చూసుకోవడం, వెలుతురు, కోత కోసే సమయం, ఆరబెట్టే తీరు. ఏవోబీ (ఆంధ్ర-ఒడిశా సరిహద్దు) కొండల్లో వానకి తడిసి, గింజలు కట్టి, మూటల్లో నలిగి వచ్చే సరుకుకీ, నాలుగు గోడల మధ్య లైట్ల కింద పెరిగినదానికీ తేడా ఉందంటే అది వీటన్నిటి వల్ల. వేర్లు మట్టిలో ఉన్నాయా నీళ్లలో ఉన్నాయా అన్నది ఆ లిస్టులో ఎక్కడో అడుగున ఉంటుంది. మన చట్టానికైతే ఆ తేడాతో పనే లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) లెక్కలో గంజాయి అంటే ఆ మొక్క పూత, అది ఎందులో పెరిగినా సరే.

ఈ గొడవ నాకెందుకంటే, నేనుండేది కెనడాలో, ఒంటారియోలో. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి చట్టబద్ధం. నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, మనిషికి కాదు, ఇంటికి. క్యూబెక్‌లో మాత్రం ఇంట్లో పెంచడం నిషేధం. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2023లో నిషేధమే నెగ్గింది. జర్మనీ వాళ్లు 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి తలా మూడు మొక్కలు అన్నారు. మా పక్కింటాయన రిటైరయ్యాక బేస్‌మెంట్‌లో ఆ నాలుగూ పెట్టుకుందామనుకుని, నేను అగ్రికల్చర్ చదివానని తెలిసి, కంచె అవతల నుంచి అడిగాడు, మట్టి మంచిదా హైడ్రోపోనిక్సా అని. ఆ మొక్క నేనెప్పుడూ పెంచలేదు, పెంచే ఉద్దేశమూ లేదు. కానీ వేరు అవసరాలు ఏ మొక్కకైనా దాదాపు ఒకటే.

వేరుకి నీరు కావాలి, పోషకాలు కావాలి, గాలి కావాలి. ఈ మూడోదాన్నే జనం మర్చిపోతారు. గుల్లగా ఉన్న కుండీ మట్టిలో గాలి దానంతటదే ఉంటుంది. నీళ్లలో అయితే పంపుతో కొట్టాలి, అది కూడా ఆగకుండా, పైగా నీళ్లు వెచ్చబడేకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, 22 డిగ్రీలు దాటాయంటే వేరుకుళ్లుకి తలుపు తెరిచినట్టే. అన్నీ కుదిరితే మాత్రం నీళ్లలో మొక్క జోరుగా పెరుగుతుంది, తిండి కోసం వేరు వెతుక్కోనక్కర్లేదు కాబట్టి. కుదరకపోతే చెడిపోవడం కూడా అంతే జోరుగా ఉంటుంది. మట్టి మన తప్పుల్ని కొంత కడుపులో పెట్టుకుంటుంది, ఎరువు కాస్త ఎక్కువైనా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కాస్త అటూఇటూ అయినా సర్దుకుపోతుంది. నీళ్ల తొట్టిలో పీహెచ్ 5.5, 6.5 మధ్య ఉందా లేదా అని రోజూ మీటరు ముంచి చూసుకోవాల్సిందే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కిచెన్ గట్టు మీద చిన్న హైడ్రోపోనిక్ డబ్బాలో కొత్తిమీర వేశాను. ఓ శుక్రవారం సాయంత్రం ఇల్లు ఊడ్చే హడావిడిలో వాక్యూమ్ వైరు తగిలి పంపు ప్లగ్గు వదులైంది, అది చూసుకోకుండా ఊరెళ్లిపోయాం. ఆదివారం రాత్రి వచ్చి మూత తీస్తే మురుగు కాలవ వాసన. తెల్లగా ఉండాల్సిన వేర్లు టీ రంగుకి తిరిగి, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోతున్నాయి. అదే గదిలో కిటికీ దగ్గరున్న కరివేపాకు కుండీకి పది రోజులు నీళ్లు పోయకపోయినా నాలుగు ఆకులు రాల్చి ఊరుకుంటుంది.

మరి నీళ్లలో దిగుబడి ఎక్కువ కదా అంటారు. హైడ్రోపోనిక్స్ అనే పేరు 1937లో ప్రచారంలోకి తెచ్చింది కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసిన గెరిక్. ఆయన టమాటా తీగల ఫొటోలు చూసి జనం వెర్రెక్కిపోతుంటే, అదే యూనివర్సిటీకి చెందిన హోగ్లాండ్, ఆర్నన్ టమాటాని మట్టిలో, ఇసుకలో, నీళ్లలో పక్కపక్కన పెంచి చూశారు. మిగతా పరిస్థితులు సమానంగా ఉంటే దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఎనభై ఏళ్లు దాటింది, ఆ వాదన మాత్రం ఇంకా చావలేదు, బహుశా పంపులూ మీటర్లూ అమ్మేవాళ్లకి అది చావడం ఇష్టం లేదు.

వేల మొక్కలు పెంచే కంపెనీల లెక్క వేరే. ప్రతి మొక్కకీ ఒకేలాంటి పోషణ అందాలి, టన్నుల కొద్దీ మట్టి మోసి పారబోసే పని ఉండకూడదు, మనుషులు తక్కువ కావాలి. వాళ్లకి మట్టి లేని పద్ధతి కలిసొస్తుంది. కానీ అక్కడ కూడా ఖర్చుని శాసించేది వేరు కింద ఉన్నది కాదు, నెత్తిన ఉన్నది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో గదుల్లో పెంచిన కిలో ఎండు పూతకి, ప్రాంతాన్ని బట్టి, 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన కాలుష్యం. అందులో సింహభాగం లైట్లది, గదిలో గాలినీ వేడినీ తేమనీ అదుపులో పెట్టే మెషీన్లది. ఎండ ఊరికే ఇచ్చేదాన్ని కరెంటుతో కొనుక్కోవడం అన్నమాట.

ఒంటారియోలోని స్మిత్స్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో మూతపడ్డ హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీని కెనోపీ గ్రోత్ కంపెనీ గంజాయి కేంద్రంగా మార్చింది. చట్టం వచ్చిన కొత్తలో దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2023లో దాన్ని తిరిగి హెర్షీకే సుమారు 5.3 కోట్ల కెనడా డాలర్లకి అమ్మేసుకుంది. ఎడ్మంటన్ దగ్గర అరోరా అనే మరో గంజాయి కంపెనీ కట్టిన 8 లక్షల చదరపు అడుగుల కేంద్రాన్ని మూసేస్తున్నట్టు 2022లోనే ప్రకటించారు. జనం కొనేదానికన్నా ఎక్కువ పెంచారు, ధరలు పడిపోయాయి. మట్టిలో వేసుంటే బతికేవా అంటే, లేదు.

పక్కింటాయనకి మట్టే చెప్పాను. నాలుగు మొక్కలకి పంపులూ తొట్లూ ఎందుకు, చలికాలంలో ఫ్లోరిడా వెళ్లే మనిషివి, పది రోజులు లేకపోతే ఎవరు చూస్తారు అన్నాను. ఆయన విని, తల ఊపి, చివరికి రెండూ కాని కోకోపీట్ ఇటుకలు కొన్నాడు. కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు అది, మన కోనసీమలో, పొల్లాచ్చిలో గుట్టలుగా పడుండేది. చూడటానికి మట్టిలాగే ఉంటుంది కానీ దాంట్లో తిండేమీ ఉండదు, అన్నీ మనమే నీళ్లలో కలిపి పోయాలి, అందుకని దాన్ని హైడ్రోపోనిక్స్ లెక్కలోనే వేస్తారు. కాకపోతే చేత్తో నీళ్లు పోసుకోవచ్చు, పంపు ఆగినా కొంపలంటుకోవు. రాజీ బాగానే ఉందనిపించింది.

జనవరిలో మళ్లీ కంచె దగ్గరికి వచ్చాడు, చేతిలో కరెంటు బిల్లు. ఈసారి వేర్ల ఊసే లేదు. ఇక్కడ రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా యూనిట్ బాగా చవగ్గా దొరికే ప్లాన్ ఒకటుంది, కానీ దాంట్లో పనిరోజుల్లో సాయంత్రం 4 నుంచి 9 దాకా వాతలు పెడతారు. పూతకొచ్చిన మొక్కకి 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి కావాలి. ఇద్దరం వేళ్ల మీద లెక్కేసుకున్నాం. ఇప్పుడు ఆయన బేస్‌మెంట్‌లో రాత్రి 9కి తెల్లారుతుంది, పొద్దున 9కి పొద్దుగూకుతుంది.