కీళ్లవాతం ఫారంలో ఏ ప్రశ్న మిగలాలి?

కిటకిటలాడే ఓపీలో కీళ్లవాతం రోగికి డాక్టర్ దగ్గర దొరికేది కొన్ని నిమిషాలే. ఆ లోపే నొప్పి ఎంతుంది, రోజూ చేసుకునే పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారు అని అడిగే పేజీల కొద్దీ ఫారం చేతిలో పెడితే ఏమవుతుంది? పెద్దావిడ కళ్లజోడు తెచ్చుకోదు. కోడలు ప్రశ్న చదివి, అత్తయ్య నోరు తెరిచేలోపే టిక్కు పెట్టేస్తుంది. రెండో పేజీ నుంచి అన్నిటికీ ‘ఫర్వాలేదు’ అనే జవాబే.

అందుకే ప్రశ్నలు తగ్గించాలన్న దాంట్లో నాకు పేచీ లేదు. బోస్టన్‌లో రాబర్ట్ మీనన్ బృందం 1980లో తయారుచేసిన ‘ఎయిమ్స్’ ప్రశ్నావళిలో (మన ఢిల్లీ ఆసుపత్రికీ దీనికీ సంబంధం లేదు) 45 ప్రశ్నలుండేవి. 1992 నాటి రెండో రూపంలో అవి 78కి పెరిగాయి. 1997లో ఫ్రెంచ్ పరిశోధకులు నిపుణులతోపాటు రోగులనూ అడిగి 26కి కుదించారు.

అసలు గొడవ ఏవి తీసేస్తున్నామన్న దగ్గరే. రోజువారీ పనులు ఎంత కష్టంగా ఉన్నాయో అడిగే ఇంకో ప్రశ్నావళి, స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం చేసిన హెచ్ఏక్యూలో 8 విభాగాలు, 20 ప్రశ్నలు. అమెరికా కీళ్లవాతం డాక్టర్ థియోడోర్ పింకస్ 1983లో విభాగానికొకటి చొప్పున 8 మాత్రమే ఉంచారు. అర పేజీలో అయిపోతుంది, డాక్టర్లకు హాయి. కానీ మిగిలినవన్నీ దాదాపు తేలిక పనులే: గ్లాసు ఎత్తడం, కుళాయి తిప్పడం, మంచం దిగడం. నొప్పితో సతమతమయ్యేవాళ్లు కూడా ఇవి ఎలాగోలా చేసేస్తారు. దాంతో చాలామందికి స్కోరు సున్నా దగ్గరే ఆగిపోయేది. సున్నా అంటే ఇబ్బందే లేదని! సున్నా మీదున్న మనిషికి మందు పనిచేసినా ఆ మేలు లెక్కలో కనిపించదు. చివరికి పింకసే 1999లో మూడు కిలోమీటర్ల నడక లాంటి కష్టమైన పనులు చేర్చాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంకో చిక్కు. మాంసం కోసుకోగలరా, తొట్టి స్నానం చేయగలరా అని అడిగే అసలు హెచ్ఏక్యూ మన ఊళ్లలో ఎవరికి పనికొస్తుంది? 2002లో మన డాక్టర్లు ప్రచురించిన భారతీయ రూపంలో ప్రశ్నలు 12 మాత్రమే. చీర కట్టుకోగలరా, మరుగుదొడ్డిలో గొంతుకు కూర్చోగలరా లేదా నేల మీద బాసింపట్టు వేసుకోగలరా, ఆటో ఎక్కి దిగగలరా, కూరగాయల మార్కెట్‌కి వెళ్లి రాగలరా. పొడవాటి అసలు ఫారం కంటే ఈ చిన్నదే మన రోగి బతుకుకి దగ్గరగా ఉంది. మోకాళ్లు పట్టేసిన మనిషికి రోజులో మొదటి పరీక్ష మరుగుదొడ్డిలోనే కదా.

కుదింపులో పోయినవాటిలో నాకు బాధ కలిగించేది ఒకటుంది. 78 ప్రశ్నల ఎయిమ్స్‌లో, నడక, చేతివేళ్ల పని, నొప్పి, టెన్షన్ లాంటి 12 అంశాల్లో ముందుగా ఏ మూడు బాగుపడాలని కోరుకుంటున్నారో చెప్పమంటారు. 26 ప్రశ్నల రూపంలో ఆ మాటే లేదు. స్కోరు లెక్కకు అది అక్కర్లేదు మరి. మందుల ట్రయల్ నడిపేవాళ్లకు అక్కర్లేకపోవచ్చు గానీ, ఓపీలో ఎదురుగా కూర్చున్న డాక్టర్‌కు అంతకంటే పనికొచ్చే సమాచారం ఏముంటుంది? ఒకరికి నొప్పి ముఖ్యం, ఇంకొకరికి మళ్లీ కుట్టుమిషన్ దగ్గర కూర్చోవడం ముఖ్యం. భారతీయ రూపంలోని ఆ 12 ప్రశ్నలకు ఈ ఒక్కటి కలిపితే 13. కోడలు చదివి వినిపించినా ఐదు నిమిషాల పని. ఈ పదమూడోదానికి మాత్రం జవాబు అత్తయ్యే చెప్పాలి.