రెండొందలిచ్చి నిజం కొనుక్కోవాలా?

మధ్యతరగతి మీద ప్రభుత్వం కత్తి కట్టిందనడానికి ఇంకో రుజువు. పాత నగలు పట్టుకుని హాల్‌మార్కింగ్ కేంద్రానికి వెళ్తే, అందులో బంగారం ఎంత ఉందో పరీక్షించి కాగితం మీద రాసిస్తారు. మామూలు జనానికి 2022లో ఈ వీలు కల్పించారు. నాలుగు నగల వరకూ 200 రూపాయలు, ఐదో అంతకంటే ఎక్కువో తెస్తే నగకు 45.

లక్షలు పోసి కొన్న హారానికి మళ్లీ రెండొందలు ఖర్చా? ఇంత దుబారా మన ఇళ్లలో సాగదు. మరి కొన్న రోజున మజూరీ, తరుగు అని బిల్లులో అంత వేస్తే నోరెత్తలేదేం అంటారేమో. అది వేరు. అక్కడ కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారు. తరుగంటే నగ చేస్తుంటే పోయిన బంగారం. దానికి డబ్బు మనం కడతాం. ఆ పోయింది ఎవరి చీపురు కిందికి చేరిందని మాత్రం అడగం. అంత పెద్ద షాపులో అలాంటివి అడిగితే ఏం బావుంటుంది?

అసలు మనకు ఉచిత సేవ ఉండగా డబ్బు కట్టడం దేనికి? పెళ్లి పందిట్లో పెద్దమ్మ గొలుసు కొస రెండు వేళ్లతో పట్టుకుని, "ఆరు కాసులుంటుందా వదినా? నాకైతే అయిదే అనిపిస్తోంది" అని తేల్చేస్తుంది. ఆ కేంద్రంలోని ఎక్స్‌రే యంత్రం లోహం సంగతే చెబుతుంది, అదీ పైపైనే. లోపల అనుమానముంటే కాస్త గీకి, కరిగించి చూడాల్సిందే. పెద్దమ్మ నగను చూసి అల్లుడి జీతం, ఆడపడుచుకు పెట్టిన సారె, మనం తీర్చాల్సిన అప్పు కూడా చెప్పగలదు. అదీ గీకకుండా.

డబ్బు కట్టి పరీక్ష చేయించుకునే సందర్భం మనకు ఒక్కటే, బ్యాంకులో తాకట్టు. అక్కడ నగకు విలువ కట్టే అప్రైజర్ గారు గీటురాయి మీద గీస్తారు, యాసిడ్ చుక్క వేస్తారు, రాళ్ల బరువు తీసేస్తారు. కొన్నప్పుడు కెంపులైనవి అక్కడ ఉత్త రాళ్లు. మజూరీ, తరుగుల ఊసే ఉండదు. ఇంత దుర్వార్త చెప్పినందుకు ఫీజు మన దగ్గరే పట్టుకుంటారు. పాపం, అప్పు కావాలి కాబట్టి అదీ చిరునవ్వుతో ఇస్తాం.

కొత్త నగలకైతే 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే గుర్తింపు కోడ్, ఉండాల్సిందే. ఫోన్‌లో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ కోడ్ కొడితే వివరాలు వస్తాయి, పైసా ఖర్చు లేదు. ఉచితం కాబట్టే ఎవరూ నమ్మరు. హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తక్కువని తేలితే తేడా సొమ్ముకు రెట్టింపూ, పరీక్ష ఖర్చూ షాపువాళ్లు ఇవ్వాలని రూల్ కూడా ఉంది. కానీ తాతల నాటి నుంచి కొంటున్న షాపాయన్ని పట్టుకుని రూల్ మాట్లాడతామా? ఏటా క్యాలెండర్ పంపిస్తాడు.

అసలు టెన్షన్ రెండొందల గురించి కాదు. అత్తగారి గాజులు మేలిమి ఇరవై రెండు క్యారెట్లని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పద్దెనిమిదని కాగితం మీద వస్తే ఆ కాగితం ఆవిడకు ఎవరు చదివి వినిపించాలి?

అందుకే ప్రభుత్వానికి నాదో విన్నపం. నగను పరీక్షించి, ఫలితాన్ని కవర్లో పెట్టి, సీలు వేసి, ఎప్పటికీ తెరవనక్కర్లేదని రాసిచ్చే సేవ ఒకటి ప్రారంభించండి. వెయ్యి రూపాయలు పెట్టినా క్యూ కడతాం. తరుగు కూడా వేసుకోండి, అడగం.