పన్ను తీసుకుని పన్ను ఇవ్వని మెడికేర్ గారికి

అయ్యా,

అమెరికాలో 65 నిండినవాళ్లకి సర్కారువారి ఆరోగ్య బీమా తమరే. ఆ పేరు చెప్పి ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి 1.45 శాతం పన్ను పట్టుకున్నారు. కంపెనీ దగ్గర ఇంకో 1.45. తీరా 65 నిండాక ఎరుపు, తెలుపు, నీలం రంగుల కాగితం కార్డొకటి పంపి, పన్ను కట్టడం మీ వంతు, పన్ను కట్టించడం మాత్రం మా వంతు కాదన్నారు.

మిమ్మల్ని అని ఏం లాభం లెండి. 1965లో మీరు పుట్టినప్పుడే చట్టంలో రాసేశారు. సెక్షన్ 1862(ఎ)(12): పంటిని బాగుచేయడం, పూడ్చడం, పీకడం, కొత్తది పెట్టడం, పన్ను ఆనుకున్న చిగురు, ఎముక, ఇవేవీ మీకు పట్టవు. గుండె మీది, మోకాలు మీది, మోకాల్లో పెట్టే లోహపు కీలూ మీదే. పెదవి దాటి లోపలికొస్తే మాత్రం సరిహద్దు రాయి!

సిఫార్సు ఉంటే కరుగుతారనుకోండి. గుండె కవాటం మార్చే ముందు, అవయవ మార్పిడి ముందు, కీమోథెరపీ ముందు, 2025 నుంచి డయాలసిస్ వాళ్లకీ నోట్లో ఇన్ఫెక్షన్ తీయించడానికి, మీలో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి అనే భాగం డబ్బిస్తుంది. అదీ డాక్టరూ డెంటిస్టూ మాట్లాడుకున్నట్టు రికార్డులో ఉండాలి, డెంటిస్టు మీ దగ్గర నమోదై ఉండాలి, క్లెయిము మీద కెఎక్స్ అన్న ముద్ర పడాలి. ఆపైన 2025 లెక్కన మొదటి 257 డాలర్లు, తర్వాత 20 శాతం రోగివే. చెడిన పన్ను పీకిస్తారు, ఆ ఖాళీలో కొత్తది పెట్టించరు. ఇదేం ధర్మమండీ?

గుండె సవ్యంగా ఉన్న అభాగ్యులకి మీ తమ్ముడు, ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాను ఉన్నాడు. "డెంటల్ ఉంది" అంటాడు. ఎంతవరకు అన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది. ఒక్క దవడపంటి ఎస్టిమేటు చూడండి, పనికో కోడు: డి7140 పీకడం, డి7953 గుంటలో ఎముక పొడి, డి6010 ఎముకలో టైటానియం మర, డి6056 దాని మీద మెడముక్క, డి6058 పింగాణీ తొడుగు. పన్ను ఒకటి, పద్దులు అయిదు. పీకడానికి తమ్ముడు వెంటనే సరే అంటాడు. మర దగ్గరికొచ్చేసరికి కొన్ని ప్లాన్లలో ఆ పద్దే ఉండదు. ఉన్నా, ఏడాదికి 1,500 డాలర్లు గరిష్ఠం అనుకుంటే, మర బిగించేసరికే గల్లాపెట్టె ఖాళీ.

అందుకే జనం తెలివిమీరారు. నవంబరులో మర బిగించుకుంటారు, ఎముక పట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు ఎలాగూ ఆగాలి, తొడుగు కొత్త సంవత్సరం ఖాతాలో వేసుకుంటారు. ఈలోగా, ఏటా ప్లాను మార్చుకోనిచ్చే అక్టోబరు 15, డిసెంబరు 7 మధ్య ఎవరో చెప్పారని మార్చారో, "పాత ప్లానులో మొదలైన పని మాకెందుకు" అని కొత్తాయన తలుపేసే ప్రమాదముంది. క్లినిక్కు ఫోన్ చేసి "మా ఇన్సూరెన్సు తీసుకుంటారా" అంటే అందరూ తీసుకుంటామనే అంటారు. "ఈ ప్లాను నెట్‌వర్కులో ఉన్నారా" అని అడగాలి, పని మొదలుపెట్టకముందే ప్లాను ఎంతిస్తుందో ముందే చెప్పే ప్రీ-డిటర్మినేషన్ కాగితం రాయించుకోవాలి.

ఉచిత క్లీనింగు సంగతి మరీ వినోదం. చిగురు సందు 4 మిల్లీమీటర్లు లోతు తేలి, ఎక్స్‌రేలో ఎముక కరిగినట్టు కనబడితే అది డి1110 అనే మామూలు క్లీనింగు కాదు, డి4341 అనే చిగురు కింది లోతు క్లీనింగు. నోరు ఒకటే, బిల్లుకి మాత్రం నాలుగు వాటాలు.

పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చిన మన పెద్దవాళ్లు అయిదేళ్లు కదలకుండా కాపురముండి, ప్రీమియం కట్టి మీ గడప తొక్కుతారు. పంటికి మాత్రం విజయవాడ టికెట్టు కొంటారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు గానీ, కట్టించుకోవడానికి ఏ ఊరైతేనేం అనలేదు. నెలరోజుల ప్రయాణంలో మర పట్టదు. సగం పనితో తిరిగొచ్చేవాళ్లు మర కంపెనీ, సైజు ఉన్న స్టిక్కరు తెచ్చుకోవాలి. లేకపోతే ఇక్కడి డెంటిస్టు దానికి సరిపడే స్క్రూడ్రైవరు కోసం వెతుక్కోవాల్సిందే. పరాయి దేశంలో చేయించుకున్నదానికి మీరు డబ్బివ్వరట. ఇక్కడ చేయించుకున్నా ఇవ్వరు కదా, ఈ ఒక్క విషయంలో మీకు దేశభేదం లేదు.

ఇట్లు,
తమ చట్టం ప్రకారం ఒంట్లో భాగం కాని,
32లో మిగిలిన 21 మందిమి.

తా.క.: కింది ఎడమ దవడలో, ఇక్కడి డెంటిస్టుల లెక్కన 19వ నంబరు పంటి చోటు ఖాళీ. దాని తరఫున పక్కనున్న 18 సంతకం చేసింది. అది ఆ ఖాళీలోకే ఒరుగుతోంది, సంతకం వంకరగా ఉంటే మన్నించండి.