ఓవెన్ ఎరుగని దొరసానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇటలీ మీగడ మిఠాయి పన్నా కోటా గారికి,

నమస్కారములు. ఇటలీ వాయవ్య మూలన, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గరున్న పియెమాంటే మీ పుట్టినిల్లని లోకం చెప్పుకుంటుంది. ఆ పుట్టింటి గౌరవానికి భంగం కలగకుండా నాలుగు మాటలు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. మిమ్మల్ని పరిచయం చేసేవారందరూ ఒకే పాట పాడుతున్నారు: ఓవెన్ అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు, చిన్నపిల్లలైనా చేసేయవచ్చు. మీగడ, పాలు, పంచదార కలిపి కాస్త వేడిచేసి, వెనిలా చేర్చి, అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి మీరు ప్రత్యక్షమవుతారట. ఇంత తేలికగా దొరికే వరాలను కాస్త అనుమానంతో చూడమని మా పురాణాలు నేర్పాయి కనుక, ఆ సులువు వెనుక ఎవరి కష్టం ఉందో, ఇంకా సూటిగా అడగాలంటే ఎవరి ఎముకలు ఉన్నాయో, కొంత విచారించాను.

ముందుగా మీ వంశావళి. 1960లకు ముందు అచ్చయిన ఇటలీ వంట పుస్తకాల్లో మీ పేరు కనిపించదని వంటల చరిత్ర రాసేవారు చెబుతారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో పియెమాంటేలోని లాంగే కొండల్లో నివసించిన ఒక హంగేరీ మహిళ మిమ్మల్ని సృష్టించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి సాక్ష్యం మాత్రం ఎవరూ చూపించలేదు. అయినా 2001లో పియెమాంటే ప్రభుత్వం తన సంప్రదాయ ఆహార ఉత్పత్తుల జాబితాలో మీకు చోటిచ్చింది. ఆ జాబితాకు ఎక్కాలంటే తయారీ పద్ధతి కనీసం 25 ఏళ్లుగా వాడుకలో ఉండాలన్నది ఇటలీ ప్రభుత్వం 1999లో పెట్టిన నియమం. అంటే 1976 నాటికి మీరు పుట్టి ఉంటే చాలు, మీరు సనాతనులే. మా ఇళ్లలో ఇరవై అయిదేళ్ల ఆవకాయ జాడీని ఇంకా కొత్త జాడీ అనే పిలుస్తారు. సరే, ఎవరి కొలతలు వారివి, ఈ విషయం ఇంతటితో వదిలేస్తాను.

నా అసలు ఫిర్యాదు మీ నిలకడ గురించి. మీగడకు తనంతట తాను నిలబడే గుణం లేదు. మా జున్నును చూడండి: ఈనిన గేదె తొలిపాలలోని మాంసకృత్తులే ఆవిరి వేడికి గట్టిపడి దాన్ని నిలబెడతాయి, బయటివారి సాయం అక్కర్లేదు. మీది మాత్రం అరువు తెచ్చుకున్న నిలకడ. అప్పు ఇచ్చినవారు జెలటిన్ గారు. పశువుల తోళ్లను, ఎముకలను, ఐరోపాలోనైతే ఎక్కువగా పంది తోలును శుద్ధిచేసి, వేడినీటిలో సారం దించి, వడకట్టి, ఎండబెట్టగా వచ్చే ఈ మాంసకృత్తి, చల్లబడేటప్పుడు తన పొడవాటి అణువులను ఒకదానితో ఒకటి పెనవేసి వల అల్లుతుంది. ఆ వలలో చిక్కుకున్న పాలూ మీగడే మీరు. అరలీటరు ద్రవానికి ఆరేడు గ్రాములు, అంటే రెండు టీస్పూన్ల పైచిలుకు పొడి సరిపోతుంది. చన్నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వేడి మీగడలో కరిగించి, ఎక్కువసేపు మరగనివ్వకుండా దించాలి, మరిగితే దాని బలం తగ్గుతుంది. నిండుకుండ తొణకదని మా పెద్దలు అన్నారు. నిండుగా ఉండి కూడా తొణకడమే మీ ఘనత, ఆ తొణుకుడు ఎంత సుకుమారంగా ఉండాలన్నది ఈ రెండు చెంచాల చేతిలో ఉంది. ఒక గ్రాము ఎక్కువైతే మీరు రబ్బరు ముక్క, ఒక గ్రాము తక్కువైతే పళ్లెం నిండా తీపి పాలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను మాంసాహారిని, పాయా ఎముకను ఆఖరి చుక్క వరకు జుర్రుకునే రకాన్ని. మీలో ఎముకల సారం ఉండటం మీద నాకు ఏ పేచీ లేదు, దాన్ని గుట్టుగా ఉంచడం మీదనే నా పేచీ అంతా. మా పెళ్లి విందుల్లో ఇప్పుడు భోజనాల బల్ల చివర చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో, నెత్తిన ఎర్రటి గుజ్జుతో, వరుసలు తీరి మీరు నిలబడుతున్నారు. కార్తీక మాసమంతా ఉల్లిపాయ కూడా ముట్టని పెద్దమ్మగారు, "ఇందులో గుడ్డు ఉందా నాయనా?" అని వడ్డించే కుర్రాడిని అడుగుతారు. "లేదమ్మా, ప్యూర్ వెజ్" అని అతను నిజాయితీగానే జవాబిస్తాడు, ఎందుకంటే అతనికీ అంతవరకే తెలుసు. ఆమె రెండో గ్లాసు కూడా తీసుకుంటారు. మన దేశపు నిబంధనల ప్రకారం జెలటిన్ పొట్లం మీద మాంసాహారమని తెలిపే గుర్తు, చతురస్రంలో గోధుమరంగు త్రిభుజం, ఉంటుంది. పొట్లం వంటవాడి చెత్తబుట్టలో మిగిలిపోతుంది, త్రిభుజం దానితోపాటే పోతుంది, గ్లాసులోకి మీ తెల్లదనం ఒక్కటే వస్తుంది. గుడ్డు లేదన్న ఒక్క వాక్యంతో మీరు సంపాదించుకున్న సాత్త్వికత ఎంత గొప్పదంటే, పక్క బల్ల మీద ఒట్టి పాలతో చేసిన ఐస్‌క్రీమునైనా గుచ్చి గుచ్చి ప్రశ్నిస్తారు గాని మిమ్మల్ని ఎవరూ అడగరు.

అగర్ అగర్ ఉంది కదా అని మీ తరఫు వకీళ్లు లేస్తారు. ఉంది. మా కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని పిలిచే ఆ సముద్రపు నాచు సారంతో, పొడి రూపంలో అయితే సుమారు రెండు గ్రాములతోనే, అరలీటరు పాలు గట్టిపడతాయి. దాన్ని మాత్రం తప్పనిసరిగా మరిగించాలి. జెలటిన్ ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మీరు నాలుక మీద పడగానే జారిపోతారు; అగర్ ఒకసారి గట్టిపడ్డాక ఎనభై అయిదు డిగ్రీలు దాటితే గాని కరగదు, అందువల్ల నోట్లో విరిగి ముక్కలవుతుంది. కరిగిపోవడమే మీ సొగసు అన్నవారు అందుకే అగర్‌ను చిన్నచూపు చూస్తారు. అయితే ఆ సొగసు లాంగే కొండల చల్లగాలికి లెక్కగట్టినది. మే నెలలో విజయవాడలో, బయట నలభై రెండు డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, అచ్చులోంచి పళ్లెంలోకి దిగిన మీరు అతిథి చెంచా అందుకునేలోగా సాష్టాంగపడతారు. ఆ ఎండలో పరువుతో నిలబడేది చైనా గ్రాసే. నా మట్టుకు నేను ఆ కాస్త పెళుసుదనాన్ని క్షమిస్తాను.

మీగడ విషయంలో మీ తప్పు లేదు. ఇటలీలో మీకు వాడే తాజా మీగడలో కొవ్వు ముప్పై అయిదు శాతం దాకా ఉంటుంది, మా అంగళ్లలో డబ్బాల్లో దొరికే మీగడలో సాధారణంగా ఇరవై అయిదు. కేకులవారు వాడే తీపి క్రీము చాలాసార్లు పాల వాసన కూడా తగలని నూనె సరుకు. దానితో చేసి మీ పేరు పెడితే మీరు పరువు నష్టం దావా వేయవచ్చు, నేను సాక్ష్యం చెబుతాను.

ఇక నెత్తిమీది పండ్లు. పియెమాంటే జాబితాలో వర్ణించిన మీ రూపంలో రమ్ము ఉంది, మార్సలా వైన్ ఉంది, అచ్చు అడుగున పంచదార పాకం ఉంది. పండ్ల గుజ్జు లేదు. తర్వాత ఎప్పుడో స్ట్రాబెర్రీలు, అడవి పండ్లు మీ నెత్తికెక్కాయి. నిష్ఠూరమాడను, ఆ పులుపు తగలకపోతే అంత కొవ్వును నాలుగు చెంచాలకు మించి మింగడం కష్టం. స్ట్రాబెర్రీ ముక్కలకు పంచదార, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచితే ఊరే రసమే చాలు. వేడి గుజ్జు పోస్తే మాత్రం మీ పైపొర కరిగి ఎరుపూ తెలుపూ కలిసిపోతాయి. పూర్తిగా చల్లార్చి, మీరు గట్టిపడ్డాకే పోయాలి. చిన్నపిల్లలైనా చేసేయవచ్చు అన్నవారు ఈ సంగతి ఎందుకో చెప్పరు. వెనిలా గింజలను వేడి ద్రవంలోనే అచ్చుల్లో పోస్తే అన్నీ అడుగుకు దిగిపోతాయని, కాస్త చిక్కబడేదాకా ఆగి పోయాలని కూడా చెప్పరు.

పండ్లన్నీ మీకు ఒకేలా లొంగవు. పచ్చి అనాస, కివి, అంజీర, బొప్పాయి మిమ్మల్ని చూస్తే ఊరుకోవు. వాటిలో మాంసకృత్తులను తెగ్గొట్టే ఎంజైములు ఉన్నాయి. జెలటిన్ అల్లిన వలను పోగు పోగుగా తెంచి మిమ్మల్ని మళ్లీ పాలు చేసేస్తాయి. ఉడికించినా, డబ్బాలో వేడిచేసి నింపినా వాటి కోర చచ్చిపోతుంది, అందుకే డబ్బా అనాసతో మీకు స్నేహం కుదురుతుంది. బొప్పాయి సంగతి మా వంటిళ్లకు కొత్త కాదు. ముదురు మాంసం త్వరగా ఉడకాలని మా అమ్మమ్మలు కూరలో పచ్చి బొప్పాయి ముక్క వేసేవారు. ఆ బొప్పాయి మిమ్మల్ని ఒక్క చూపులో గుర్తుపట్టింది, మాంసానికి చేసే మర్యాదే మీకూ చేసింది. చైనా గ్రాస్‌తో చేసిన గ్లాసు జోలికి మాత్రం అది పోదు, నాచు సారం మాంసకృత్తి కాదు కనుక దానికి అక్కడ పనిలేదు. విందుకు వచ్చిన పెద్దలు, వడ్డించే కుర్రాడు, క్యాటరింగ్ యజమాని చెప్పలేని నిజాన్ని ఒక కాయ చెప్పగలుగుతోంది.

కాబట్టి నా విన్నపం ఇది. విందుల్లో మీ గ్లాసుల ముందు ఒక చిన్న అట్టముక్క నిలబెట్టించండి. మీలో ఉన్నది జెలటినా, చైనా గ్రాసా అని దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, రాత్రి దీపాల వెలుగులో పెద్దమ్మగారికి కనిపించేలా రాయించండి. ఖర్చు రూపాయి దాటదు. అందుకు మీరు ఒప్పుకోని పక్షంలో, వచ్చే కార్తీకంలో మా బంధువుల ఇంట జరిగే రిసెప్షన్‌కు నేను తరిగిన పచ్చి బొప్పాయి ముక్కల డబ్బాతో హాజరవుతాను. ఏసీ హాల్లోనే, చల్లగా ఉన్న మీ గ్లాసుల్లో ఒక్కోదాని మీద ఒక్కో ముక్క ఉంచి, పెళ్లికొడుకు ఫోటోలు అయ్యేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఫోటోలకు ఎలాగూ గంటన్నర పడుతుంది.

ఇట్లు,
బల్ల చివర మీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ
ఒక అతిథి