నది మీద ఒక్క పూటైనా ప్రశాంతంగా ఉండనివ్వరా?

విశాఖ నుంచి తెల్లవారుజామునే బయలుదేరి, భీమిలి దగ్గర గోస్తని నదిలో ఒక పూట కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడుపుదామని వెళ్లేవారు కోరుకునేది నిశ్శబ్దం ఒక్కటే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి జలాశయం దాటి భీమునిపట్నంలో సముద్రంలో కలిసే ఆ చిన్న నదిపై కూడా బ్లూటూత్ స్పీకర్లు ఎందుకండీ? మన తెడ్డు చప్పుడు మనకే వినిపించని ఆ హోరులో కొంగలు ఎలా నిలుస్తాయి?

అంతకన్నా బాధించేది లైఫ్ జాకెట్ల సంగతి. మొన్న అక్కడ పడవలు అద్దెకిచ్చేవారు నాకిచ్చిన జాకెట్‌కు ఒక్క బకిలే మిగిలింది. తెగిపోయిన దాని స్థానంలో కొబ్బరితాడు కట్టారు, చిరుగులోంచి ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. మార్చమని అడిగితే "ఇక్కడ లోతు లేదు సార్, ఏమీ కాదు" అన్నారు. ఏమీ కాదని వారెలా చెప్పగలరు? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయిన తరువాత కూడా ఇంత నిర్లక్ష్యమా? డబ్బు మాత్రం ముందే కట్టించుకుంటారు. పిల్లల సైజు జాకెట్ ఒక్కటీ ఉంచరు; పెద్దల జాకెట్ తొడిగిన పిల్లవాడు నీటిలో పడితే అది మెడ మీదికి జారిపోతుందని తెలియదా?

ఇక ఒడ్డంతా బిర్యానీ డబ్బాలు, కవర్లు, పగిలిన మందు సీసాలు. తాగిన సీసాను వెనక్కి తీసుకెళ్లడం అంత బరువా? ఆ గాజు ముక్కల మధ్యే వట్టి కాళ్లతో నీటిలో దిగి వల విసిరే జాలరుల గురించి ఒక్కరైనా ఆలోచించారా?